గోరంత బొమ్మ వెనక

రెండు నెలల కిందట ఈ పుస్తకం రాతప్రతి చేతపట్టుకుని రచయిత్రి ముందుమాట కోసం మా ఇంటికి వచ్చినప్పుడు నేను అన్న మొదటి మాట కాస్త మొరటుగానే ఉంది. "ఫైలు పేరు పక్కన కనపడే బొమ్మ మీద ఇంత పుస్తకమా అమ్మా?" అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. నా దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకున్న రోజుల నుంచీ నా నోటి సంగతి ఆమెకు తెలుసు. "ఆ బొమ్మ కోసమే మూడు రాత్రులు జాగారం చేశానని మీరే ఒకసారి క్లాసులో చెప్పారు కదా మాస్టారూ" అంది. చెప్పాను. పొగడ్తలోకి దిగేముందు ఆ జాగారం సంగతి ఇక్కడా చెప్పుకోవాలి. ఈ పుస్తకం నాకెందుకు నచ్చిందో దాన్నిబట్టే తెలుస్తుంది.

చాలా ఏళ్ల కిందటి మాట. ఒక ఆఫీసువాళ్లు పాత కాగితాలన్నీ స్కాన్ చేయించి కంప్యూటర్లో పెట్టుకున్నారు. వాటిని వరసగా చూపించే ప్రోగ్రాము రాసే పని నాకు వచ్చింది. పేర్ల పట్టిక ఒక్కటే ఉంటే బోసిగా ఉంటుందని ప్రతి పేరు పక్కనా దాని ఐకాన్ పెట్టాను. విండోస్‌లో 'ఈ ఫైలుకు ఏ బొమ్మ?' అని అడిగే పిలుపు ఒకటి ఉంది, ఎస్‌హెచ్ గెట్ ఫైల్ ఇన్ఫో అని. అడిగితే ఐకాన్ ఇస్తుంది. తీసుకుని తగిలించాను. ఉదయం పదింటికి అంతా దివ్యంగా ఉండేది. మధ్యాహ్నం అయ్యేసరికి ఒక్కో బొమ్మా మాయమయ్యేది. కాసేపటికి బటన్లు పోయేవి. ఆ తర్వాత కిటికీయే సగం గీసి ఆగిపోయేది. మూసి మళ్లీ తెరిస్తే ఏమీ జరగనట్టు పనిచేసేది. గుమస్తాలు తెలివైనవాళ్లు. భోజనానికి లేచేముందు ప్రోగ్రామును కూడా మూసి లేవడం అలవాటు చేసుకున్నారు. మధ్యాహ్నం ఎండకు యంత్రం వేడెక్కుతోందని వాళ్ల నమ్మకం. రెండు రోజులు నేనూ అదే నమ్మాను.

మూడో రాత్రి టాస్క్ మేనేజర్ తెరిచి, మామూలుగా కనపడని యూజర్ ఆబ్జెక్ట్స్ అనే గడిని బయటికి తీసి చూశాను. పట్టికలో 200 వరసలు. పట్టిక ఒకసారి తిరగరాసుకుంటే ఆ గడిలో అంకె 200 పెరుగుతోంది. తగ్గడం మాత్రం లేదు. ఒక ప్రోగ్రాముకు విండోస్ మామూలుగా పెట్టే హద్దు 10,000. యాభై సార్లు తిరగరాస్తే ఆ హద్దు నిండేది, అది భోజనాల వేళ. ఎస్‌హెచ్ గెట్ ఫైల్ ఇన్ఫో ఇచ్చిన ఐకాన్‌ను పని అయ్యాక డిస్ట్రాయ్ ఐకాన్ అన్న పిలుపుతో వదిలేయాలి. ఆ మాట మైక్రోసాఫ్ట్ వారి వివరణలో స్పష్టంగానే ఉంది, నేనే చదవలేదు. పొరుగింటి నుంచి గిన్నె తెచ్చుకుని తిరిగివ్వకపోతే ఆ ఇల్లాలు ఒకసారి ఊరుకుంటుంది, రెండుసార్లు ఊరుకుంటుంది. పదివేల గిన్నెల దాకా ఊరుకున్నందుకు విండోస్‌ను మెచ్చుకోవాలి.

ఈ పుస్తకంలో మూడో అధ్యాయమంతా ఆ గిన్నెల లెక్కే. అయితే రచయిత్రి నాలాగా డిస్ట్రాయ్ ఐకాన్ అని ఒక వాక్యం చేర్చి చేతులు దులుపుకోలేదు. ఆమె అడిగిన ప్రశ్న వేరు: పట్టికలో 2,000 పీడీఎఫ్‌లు ఉంటే 2,000 సార్లు అడగడం దేనికి? అన్నిటికీ బొమ్మ ఒకటే కదా! ఫైలును తాకకుండా, పేరు చివర చుక్క తర్వాత వచ్చే తోకను (ఎక్స్‌టెన్షన్‌ను) మాత్రమే చూపించి అడిగే వీలు ఆ పిలుపులోనే ఉంది. అసలు ఆ పేరుగల ఫైలు డిస్కు మీద లేకపోయినా ఫరవాలేదు. వ్యవస్థ తన దగ్గర పెట్టుకున్న బొమ్మల వరసలో ఫలానా అంకె అని చెబుతుంది, అంకె గుర్తుపెట్టుకుంటే చాలు. ఈ కిటుకు చెల్లని చోట్లు కూడా వెంటనే చెప్పింది. ప్రోగ్రాము ఫైళ్లు, షార్ట్‌కట్లు, ఐకాన్ ఫైళ్లు ఎవరి బొమ్మ వాళ్లే మోసుకొస్తారు. వాళ్లను ఒక్కొక్కరినే పలకరించాలి. నెట్‌వర్క్ అవతల ఉన్న ఫైలు గురించి అడిగితే జవాబుకు ఆలస్యం కావచ్చు కనుక అడిగే పనిని తెర గీసే థ్రెడ్‌కు అప్పగించకూడదనీ, వేరే థ్రెడ్‌లో అడిగేటప్పుడు ముందు కామ్ (COM) అన్న విండోస్ ఏర్పాటును సిద్ధం చేసుకోవాలనీ హెచ్చరించింది. ఇవన్నీ దెబ్బ తిన్నవాళ్లకే తెలిసే సంగతులు. తిన్నట్టు ఎక్కడా చెప్పుకోలేదు కానీ, తినకుండా ఇంత సూటిగా రాయలేరు.

పుస్తకం మొత్తానికి ఇరుసులాంటి మాట రెండో అధ్యాయంలో ఉంది. మామూలు ఫైలుకు తనదంటూ బొమ్మ ఉండదు. నలభై ఏళ్లుగా ఈ యంత్రాల ముందు కూర్చున్నాను, ఈ మాట ఇంత తేటగా నాకెప్పుడూ తట్టలేదు. ఫైలంటే బైట్ల వరస. విండోస్ దాని పేరు చివర తోక చూస్తుంది. ఆ తోకగల ఫైళ్లను ఏ ప్రోగ్రాముతో తెరవాలని మీరు ఎంచుకున్నారో ముందు చూస్తుంది, ఆ తర్వాత రిజిస్ట్రీలో ఆ తోక తమదని రాయించుకున్నదెవరో వెతుకుతుంది. వాళ్లు డిఫాల్ట్ ఐకాన్ అన్న పద్దు కింద ఏ బొమ్మ రాయించారో అది తెచ్చి చూపిస్తుంది. (మన ఇంటిపేరు ముందు వస్తుంది, ఫైళ్ల ఇంటిపేరు చివర వస్తుంది. తేడా అంతే అనుకున్నాను మొదట. కానీ ఇంటిపేరు మనతో పుట్టేది. ఫైలు తోక ఎవరైనా తగిలించేది.) అంటే ఐకాన్ చెప్పేది ఫైలు ఏమిటని కాదు, మీ యంత్రంలో దాని మీద హక్కు ఎవరు రాయించుకున్నారని. అందుకే అదే పీడీఎఫ్ మీ కంప్యూటర్లో ఒక బొమ్మతోనూ పక్కింటి కుర్రాడి కంప్యూటర్లో ఇంకో బొమ్మతోనూ కనపడుతుంది. ఫైలు మారలేదు, హక్కుదారు మారాడు.

ఇది చదవగానే నాకు ఎన్నికల గుర్తులు గుర్తొచ్చాయి. 1951-52లో మన మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్లలో చదవడం రానివాళ్లే ఎక్కువ. అందుకని గుర్తులు పెట్టారు. గుర్తు చూస్తే నిలబడ్డ మనిషిది ఏ పార్టీయో తెలుస్తుంది కానీ, ఆ మనిషి ఎవరో తెలియదు. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు నిలబడి ఓటరును తికమకపెట్టే వ్యవహారం ముదిరాక, 2015 నుంచి గుర్తు పక్కన అభ్యర్థి ఫొటో కూడా వేస్తున్నారు. గుర్తు ఐకాన్, ఫొటో థంబ్‌నెయిల్ (ఫైలు లోపల ఉన్నదాన్నే చిన్నది చేసి చూపే బొమ్మ). రచయిత్రికి ఈ పోలిక చెబితే "రెండో ముద్రణలో వాడుకుంటాను మాస్టారూ" అంది. వాడుకోమన్నాను. ముందుమాటకు పారితోషికం ఇవ్వరు కనుక ఎదురు కట్నం నేనే ఇచ్చానన్నమాట.

చరిత్ర అధ్యాయం చిన్నదే. డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్ 1975లో స్టాన్‌ఫర్డ్‌లో సమర్పించిన పిగ్మేలియన్ అన్న సిద్ధాంత గ్రంథంలో ఐకాన్ అన్న మాట కంప్యూటర్లోకి వచ్చింది. 1981లో జెరాక్స్ స్టార్ దాన్ని ఆఫీసు బల్ల మీదికి తెచ్చింది. 1984లో వచ్చిన మెకింటాష్ కోసం సూసన్ కేర్ గళ్ల కాగితం మీద గడి గడి నింపుతూ బొమ్మలు వేసింది. 32 గళ్ల పొడవు, 32 గళ్ల వెడల్పు, నలుపూ తెలుపే. మన ఇళ్లముందు చుక్కల ముగ్గు వేసిన చేతులకు ఆ పని వింతగా తోచదు. ఆ పాత మెకింటాష్‌లో ఒక మంచి సంగతి ఉండేది. ప్రతి ఫైలుకూ నాలుగేసి అక్షరాల సంకేతాలు రెండు వెంట ఉండేవి. ఒకటి అది ఏ రకం ఫైలో చెప్పేది, రెండోది దాన్ని ఎవరు చేశారో చెప్పేది. కనుక రెండు వేర్వేరు ప్రోగ్రాముల్లో రాసిన రెండు ఉత్తరాలు పక్కపక్కన ఉన్నా దేని బొమ్మ దానిదే. కన్నవాళ్ల పేరు ఫైలు మరిచిపోయేది కాదు. ఆ పద్ధతి తర్వాత పోయింది. రచయిత్రికి బెంగ లేదు. నాకుంది.

పదాల దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది. థంబ్‌నెయిల్‌ను గోరుబొమ్మ అనమన్నాను. మనకు గోరంత అన్న మాట ఉండనే ఉంది, వేలిముద్రగాడికి బొటనవేలి విలువ ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆమె ఒప్పుకోలేదు. "పిల్లలు కోడులో థంబ్‌నెయిల్ అనే రాస్తారు, పుస్తకంలో గోరుబొమ్మ అని చదివి రెండిటికీ ముడి వేసుకోవడానికి ఒక పూట పోతుంది" అంది. ఆమె మాటే నెగ్గింది. ఈ ముందుమాట శీర్షికలో నా పంతం కొంత తీర్చుకున్నాను.

ఇక థంబ్‌నెయిల్. ఇక్కడే పుస్తకం బరువెక్కుతుంది. ఐకాన్ కావాలంటే మామూలుగా ఫైలును తెరవనక్కర్లేదు, తోక చాలు. థంబ్‌నెయిల్ కావాలంటే ఎవరో ఒకరు ఆ ఫైలును తెరిచి, లోపల ఏముందో చదివి, చిన్నది చేసి గీయాలి. ఫొటో అయితే విప్పాలి, వీడియో అయితే ఒక ఫ్రేము ఏరాలి, పీడీఎఫ్ అయితే మొదటి పేజీ వేయాలి. ఇన్ని రకాలూ ఆపరేటింగ్ సిస్టమ్‌కే రావు. ఆయా రకాలు తెలిసినవాళ్లు రాసిచ్చిన చిన్న భాగాలను అది పిలుస్తుంది. విండోస్ విస్టా నుంచి ఆ భాగాలను ఐ థంబ్‌నెయిల్ ప్రొవైడర్ అన్న కట్టుబాటు ప్రకారం రాస్తున్నారు. తెరవడమన్నాక నమ్మకం ప్రశ్న వస్తుంది. ముక్కూమొహం తెలియని ఫైలును తెరుస్తున్నది ఎవరు, ఎవరి గదిలో కూర్చుని? ఆ భాగం తప్పటడుగు వేస్తే పిలిచినవాడు కూడా కూలిపోతాడు. అందుకే విండోస్ ఆ పనిని మామూలుగా వేరే ప్రాసెస్‌లో చేయిస్తుంది. వచ్చిన మనిషిని వీధి అరుగు మీదే కూర్చోబెట్టి మాట్లాడటం లాంటిది.

ఐకాన్‌తో ప్రమాదం లేదనుకునేవాళ్ల కోసం ఆమె 2010 నాటి స్టక్స్‌నెట్ అనే వర్మ్ కథ చెప్పింది. ఆ అధ్యాయం రాత్రి పదకొండింటికి మొదలుపెట్టి చివరిదాకా కదల్లేదు. షార్ట్‌కట్ ఫైలుకు బొమ్మ చూపించడానికి విండోస్ ఒక దారి వాడేది. షార్ట్‌కట్ కంట్రోల్ ప్యానెల్ రకానిదైతే, బొమ్మ కోసం అది చూపించిన ఫైలును మెమరీలోకి ఎక్కించుకునేది. ఎక్కించుకోవడమంటే లోపలి కోడు నడిచినట్టే. పెన్‌డ్రైవ్ పెట్టి ఫోల్డరు తెరిస్తే చాలు, దేన్నీ నొక్కనక్కర్లేదు. బొమ్మ కనపడేలోపే పని అయిపోయేది. ఆ ఏడాది ఆగస్టు 2న మైక్రోసాఫ్ట్ ఆ రంధ్రం పూడ్చింది. దీనికి పదేళ్ల ముందు, 2000 మే నెలలో లోకమంతా పాకిన ప్రేమలేఖ వైరస్ దారి వేరు. అది తోకలు దాచిపెట్టే అలవాటును ఆసరా చేసుకుంది. పేరులో టీఎక్స్‌టీ అని కనపడుతుంది, అసలు తోక వీబీఎస్ తెర వెనక ఉంటుంది. మొదటి కథలో బొమ్మ అడిగినవాడే దెబ్బతిన్నాడు, రెండో కథలో చూసినవాడు. ఈ రెంటినీ ఒకే అధ్యాయంలో పక్కపక్కన పెట్టడం నాకు చాలా నచ్చింది.

సైజుల గొడవ గురించి ఒక మాట. విండోస్‌లో చిన్న ఐకాన్ మామూలుగా 16 పిక్సెళ్లు, పెద్దది 32, అంతకు మించినది 48. విస్టాతో 256 వచ్చింది, దానికి జంబో అని పేరు. జంబో అడిగితే జంబో వస్తుందని మురిసిపోకండి. ఆ ప్రోగ్రాము రాసినవాళ్లు పెద్ద బొమ్మ ఇచ్చి ఉండకపోతే, 256 ఖాళీ చదరంలో ఎడమవైపు పైమూల 48 బొమ్మ పెట్టి ఇస్తుంది. అరిటాకు పరిచి మూలన ఉప్పు వడ్డించి అన్నానికి వెళ్లిపోయినట్టు ఉంటుంది. అలాంటి ఆకును పట్టుకోవడం ఎలాగో రచయిత్రి కోడు ఇచ్చింది. మెమరీ లెక్క కూడా వేసింది. పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున 16 బొమ్మ ఒక కేబీ, 256 బొమ్మ 256 కేబీ. రెండువేల థంబ్‌నెయిళ్లు ఆ సైజులో దగ్గర పెట్టుకుంటే 500 ఎంబీ! తెరమీద ఒకసారి కనపడేవి ముప్పయ్యో నలభయ్యో. అవే తెచ్చుకోండి, పైకి జరిగిపోయినవాటిని వదిలేయండి అంటుంది. పారదర్శకత పోయి బొమ్మ వెనక నల్ల మచ్చ పడే జబ్బుకు మందు ఏడో అధ్యాయంలో ఉంది. ఆ జబ్బు చేసినవాళ్లు తిన్నగా అక్కడికే వెళ్లవచ్చు.

మ్యాక్ అధ్యాయం చదువుతుంటే కొంచెం అసూయ కలిగింది. 2019లో ఆపిల్ ఇచ్చిన క్యూఎల్ థంబ్‌నెయిల్ జనరేటర్‌ను ఒక్కసారి అడిగితే జవాబు విడతలుగా వస్తుంది. ముందు ఐకాన్, తర్వాత నాసిరకం థంబ్‌నెయిల్, చివరికి అసలైనది. వచ్చిన చుట్టానికి ముందు మంచినీళ్లు, ఆ తర్వాత కాఫీ, వంట అయ్యాక భోజనం. విండోస్‌లో ఈ మర్యాద మనమే చేయాలి. ఐ షెల్ ఐటెమ్ ఇమేజ్ ఫ్యాక్టరీ అన్నదాన్ని ముందు ఐకాన్ మాత్రమే ఇమ్మని, ఆ తర్వాత థంబ్‌నెయిల్ మాత్రమే ఇమ్మని విడివిడిగా అడిగి, వచ్చినదాన్ని వచ్చినట్టు పాత బొమ్మ చోట పెట్టాలి. రచయిత్రి రాసిన ఆ కోడు నలభై వరసలు దాటదు. నేను రాస్తే వంద అయ్యేది.

లినక్స్ అధ్యాయం మన భాషవాళ్లు తప్పక చదవాలి. అక్కడ థంబ్‌నెయిళ్లను అందరూ ఒకే చోట, ఒకే కట్టుబాటు ప్రకారం దాచుకుంటారు. 128 పిక్సెళ్లవి ఒక ఫోల్డర్లో, 256వి ఇంకో ఫోల్డర్లో. ఫైలు పూర్తి చిరునామాను యూఆర్ఐగా రాసి, దానికి ఎండీ5 లెక్కగట్టి, వచ్చిన 32 గుర్తుల వరసను బొమ్మకు పేరుగా పెడతారు. ఇప్పుడు ఒక ఫైలు పేరు 'అమ్మ' అనుకోండి. కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌కు నాలుగు సంకేతాలు: అ, మ, పొల్లు, మళ్లీ మ. యూటీఎఫ్-8లో 12 బైట్లు. యూఆర్ఐలో ఒక్కో బైటుకూ ఒక శాతం గుర్తూ రెండు హెక్స్ అంకెలూ కనుక 36 గుర్తులు. ఆ హెక్స్‌లో వచ్చే ఇంగ్లిషు అక్షరాలను ఒకరు పెద్దవిగా, ఇంకొకరు చిన్నవిగా రాశారా, ఎండీ5 మొత్తం మారిపోతుంది. బొమ్మ అక్కడే ఉంటుంది, మీ ప్రోగ్రాముకు దొరకదు. ఇంగ్లిషు పేర్లతో పరీక్షించి సరిపోయిందనుకునేవాళ్లకు ఈ తప్పు జన్మలో కనపడదు. విండోస్‌లోనూ ఇలాంటిదే ఉంది. ఎస్‌హెచ్ గెట్ ఫైల్ ఇన్ఫోకు పాత తరహా రూపం ఒకటి, యూనికోడ్ రూపం ఒకటి. పాతదానికి తెలుగు పేరు ఇస్తే మామూలుగా అది ప్రశ్నార్థకాల వరస అయిపోతుంది, ఆ పేరుతో ఫైలే లేదంటుంది. రచయిత్రి తెలుగు పేర్లున్న ఫోల్డర్ మీదే ఈ పుస్తకంలోని ప్రతి ప్రోగ్రామునూ నడిపి చూపించింది. ఇంగ్లిషు పుస్తకాల్లో నాకిది కనపడలేదు.

లినక్స్ పద్ధతిలో ఇంకొకటి నాకు ముచ్చటేసింది. థంబ్‌నెయిల్ చేయలేకపోతే ఆ సంగతి కూడా ఒకచోట రాసిపెట్టుకుంటుంది. చెడిపోయిన ఫైలును ప్రతిసారీ తెరిచి ప్రతిసారీ భంగపడే పని తప్పుతుంది. రచయిత్రి ఈ ఆలోచనను విండోస్ ప్రోగ్రాములోకీ తెచ్చింది. దాచినవాటిని తుడవడం గురించి కూడా రాయాల్సినంత రాసింది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ప్రతి ఫొటోల ఫోల్డర్లోనూ థంబ్స్ డాట్ డీబీ అని ఒక ఫైలు చేరేది. ఫొటో చెరిపేసినా దాని గోరంత నకలు అందులో మిగిలిపోయేది. ఎవరికీ కనపడకూడదని చెరిపేసినవాళ్లకు అది తెలిసేది కాదు. విస్టాతో అవన్నీ ఒక చోటికి చేరాయి. నకలు సమస్య చిన్నదైంది కానీ చావలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆండ్రాయిడ్‌కు కేటాయించిన పేజీలు చాలా తక్కువ. తెలుగు కుర్రాళ్లలో చాలామంది రాసేది దానికే. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన లోడ్ థంబ్‌నెయిల్ పిలుపును చెప్పి ఊరుకుంది. పుస్తకం చివర పదసూచిక లేదు. అచ్చుకు ముందు చేర్చమని పోరాను, చేర్చిందో లేదో మీరు చూడాలి. కోడు పక్కన వ్యాఖ్యలు కొన్నిచోట్ల కోడుకన్నా పొడుగు. అది నేర్పినవాడి తప్పు కావచ్చు.

రాతప్రతి ముగించాక పదో అధ్యాయంలోని ప్రోగ్రామును నా సొంత కంప్యూటర్లో, నా పాత ఫోల్డర్ మీద నడిపాను. మనవలు దించిన ఫొటోలు, స్కాన్ చేసిన ఉత్తరాలు, ఎప్పటివో పాఠాలు. ముందు అన్ని గళ్లలోనూ ఐకాన్లు నిలబడ్డాయి. తర్వాత ఒక్కొక్కటే ముఖాలుగా, కాగితాలుగా మారాయి. ఒక్క గడి మాత్రం మారలేదు. అక్కడ తెల్లకాగితం బొమ్మ, ఎవరూ తమదని రాయించుకోని ఫైలుకు విండోస్ పెట్టే బొమ్మ. పేరు చూశాను. ఒక స్నేహితుడి పుస్తకానికి నేను రాసిన ముందుమాట. అప్పట్లో తెలుగు అచ్చు పనంతా అనూ ఫాంట్లతో పేజ్‌మేకర్లో జరిగేది. ఆ ఫైలు తోక పీ65. పేజ్‌మేకర్ చివరి పెద్ద కూర్పు 2001లో వచ్చింది, నా కంప్యూటర్లో అది లేక చాలా కాలమైంది.

ఆ పుస్తకం డీటీపీ చేసినాయన ఇంకా విజయవాడలో షాపు నడుపుతున్నాడు. ఫోన్ చేస్తే "పంపండి మాస్టారూ, మా దగ్గర పేజ్‌మేకర్ ఇంకా ఉంది" అన్నాడు. పంపాను. పది నిమిషాల్లో ఆయన తన తెర ఫొటో తీసి పంపాడు. అదే పేరు, అదే తోక, దాని పైన పేజ్‌మేకర్ బొమ్మ. ఆ ఫొటోను రచయిత్రికి పంపాను, రెండో అధ్యాయంలో వేసుకోమని.